వాషక్తూన్ బస్సు

రోజుకి ఒకటే బస్సు.
మధ్యాహ్నం పోతుంది, తెల్లారగట్ల తిరిగొస్తుంది.
నడుమనున్న రాత్రికి టికెట్టు లేదు.

కండక్టరు ఎల్మెర్. ఇరవై ఏళ్ళుండవు.
వెనక మెట్టు మీద వేలాడుతూ
"దాలే, దాలే" అని రేకు మీద చరిచాడు.
నా అరచెయ్యి దానంతటదే సీటు ఊచని చరిచింది.
ఇరవై ఆరేళ్ళు నేనరిచిన "రైట్ రైట్"
ఇక్కడ ఈ వేషంలో తిరుగుతోందన్నమాట.

నోట్లు నిలువుగా మడిచి
వేళ్ళ సందున పెట్టుకోవడం కూడా నా తీరే.
చిల్లర లేదన్నాడు.
స్పానిష్ రాకపోయినా ఆ ముక్క అర్థమైంది.
దిగేటప్పుడు ఇస్తానన్నాడు, అదీ అర్థమైంది.
అలా చెప్పి నేనెంతమందిని దించేశానో.

తికాల్ దగ్గర కెమెరాలన్నీ దిగిపోయాయి.
మిగిలింది రెండు గ్యాస్ బండలు,
మొక్కజొన్న పిండి బస్తా,
కాళ్ళు కట్టేసిన సీమకోడి, నేను.
ఆ పైన అడవి, ఎర్రబురద.
మోకాళ్ళు పట్టని సీట్లు:
ఎక్కడో పిల్లల్ని బడికి మోసి మోసి
రిటైరై ఇటొచ్చిన పసుపుపచ్చ బస్సు.
దానికీ పింఛను సరిపోలేదేమో.

ఊరి నడుమ విమానాలు దిగే దారి.
ఒకప్పుడు చూయింగ్ గమ్ జిగురు కోసం దిగేవట.
ఇప్పుడు గడ్డి, రెండు గుర్రాలు, గోల్ పోస్టులు.
ఈ దిబ్బ మీద రాజులు, ఆ దిబ్బ మీద రాజులు,
మధ్యలో పిల్లల బంతాట.

ఒతీలియా చోక్ ఇంట్లో ఉయ్యాల పడక,
చిక్కుళ్ళు, రొట్టెలు కలిపి అరవై కెట్సాల్స్.
బేరమాడాను. యాభైకి సరేనంది.
సరేనని, శాతె ఆకుల మోపు ముందేసుకుంది.
మచ్చ ఉన్నవి ఎడమకి, లేనివి కుడికి.
మొగుడు మూడు రోజులు అడవి తిరిగి కోసుకొచ్చినవి.
ఏ దేశంలోనో పూలగుత్తి వెనకాల
పచ్చగా నిలబడ్డానికట.
ఆకుకెంత అనడిగాను. చెప్పింది.
నేను తగ్గించిన పదికి ఎన్ని ఆకులో లెక్క కట్టాను.
లెక్కలో నేనెన్నడూ తప్పను.
ఆ రాత్రి ఉయ్యాలలో పడుకుని మళ్ళీ కట్టాను.

అంతకుముందు వాళ్ళ నెల్వా
నేల మీద పుల్లతో అంకెలు గీసి చూపించింది.
చుక్క ఒకటి. గీత అయిదు.
గీత మీద మూడు చుక్కలు వాషక్, ఎనిమిది.
తూన్ అంటే రాయి. అదీ వాళ్ళూరి పేరు.
మరి సున్నా?
గవ్వ గీసింది.

నవ్వు ఆగలేదు నాకు.
చేతిలో ఏమీ లేనప్పుడు మేమూ గవ్వనే తలుచుకుంటాం తల్లీ,
కాకపోతే చిల్లిది.

తెల్లారకముందే టార్చితో దిబ్బ ఎక్కాను.
ఎదురుగా మూడు గుళ్ళ మొండి గోడలు.
పగలూ రాత్రీ సమానమైన నాడు
నడిమి గుడి మీదుగా పొద్దు పొడుస్తుందట.
నేనొచ్చింది ఆ నాడు కాదు. పైగా మంచు.
ఏదీ కనపడలేదు.
అడవిలో కోతులు మాత్రం
ఎవరో బస్సు తప్పిపోయినట్టు ఒకటే అరుపు.

కింద హారన్ మోగింది. ఒకసారి. రెండోసారి.
ఒక్క నిమిషం ఆలస్యానికి
పెళ్ళివారిని సైతం వదిలేసి పోయినదాన్ని.
రాయి మీద నుంచి లేవలేదు.
"దాలే" మంచులోంచి సన్నగా వినిపించింది.
ఇంజను చప్పుడు అడవిలో కలిసేదాకా
ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను,
టికెట్టు లేని ప్రయాణికుడిలా.

ఒతీలియా ఏమీ అడగలేదు.
మళ్ళీ అరవై అంది.
అరవై ఇచ్చాను. సంచీలో మిగిలింది
తిరుగు బస్సుకి బొటాబొటి.
పీట జరిపింది. ఆకులు ఏరాను.
మచ్చ ఉన్నదాన్ని కుడికేస్తే
మాటాడకుండా తీసి ఎడమకేసింది.

మధ్యాహ్నం బస్సొచ్చింది.
ఎల్మెర్ దిగీ దిగకముందే
నన్ను వెతుక్కుంటూ వచ్చి
అరచేతిలో అయిదు కెట్సాల్స్ పెట్టాడు,
నిన్నటి చిల్లర.